తలకు తీవ్ర గాయమైన ఏడు నెలలకు స్కాన్‌లో "రక్తప్రసరణ తక్కువ" అని వచ్చింది: దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న – వెన్నెలవాకిలి

అందరికీ నమస్కారం. మా అన్నయ్యకు 34 ఏళ్లు. ఏడు నెలల క్రితం రోడ్డు ప్రమాదంలో తలకు తీవ్రంగా గాయమైంది. ఆసుపత్రికి తీసుకువెళ్లేసరికి, స్పృహ ఎంత ఉందో కొలిచే గ్లాస్గో కోమా స్కేలులో 15కు 6 ఉందని రాశారు. మెదడు వాపు మందులకు లొంగకపోవడంతో రెండో రోజు రాత్రి కుడివైపు పుర్రె ఎముకను అరచేయంత మేర తొలగించారు. పదహారు రోజులు స్పృహలో లేడు. కళ్లు తెరిచాక కూడా మరో ఐదు వారాలు ఏ పూటకు ఆ పూటే అన్నట్టుండేది. పొద్దున వచ్చి పలకరించి వెళ్లిన మనిషినే సాయంత్రం చూసి "చాలా రోజులైందే, ఎప్పుడు వచ్చావు" అని అడిగేవాడు.

ఇప్పుడు నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, చిన్ననాటి సంగతులు నాకంటే బాగా చెబుతున్నాడు. కానీ స్నానానికని బయలుదేరి, తువ్వాలు భుజం మీద వేసుకుని, స్నానాల గది తలుపు దగ్గర ఆగిపోయి, "నేను ఇక్కడికి ఎందుకు వచ్చాను?" అని అడుగుతాడు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే విసుగుతో లేచి వెళ్లిపోతాడు. ఎవరైనా మొదలుపెట్టిస్తే పని పూర్తి చేస్తాడు గానీ తనంతట తాను దేనికీ పూనుకోడు. వదిన దీన్ని బద్ధకం అనుకుని చాలా రోజులు లోలోపల బాధపడింది.

గత నెల మెదడులో రక్తప్రవాహాన్ని చూపే స్పెక్ట్ స్కాన్ తీశారు. రెండువైపులా ఫ్రాంటల్ (నుదుటి వెనక) భాగాల్లోనూ, ఎడమ టెంపోరల్ (చెవి పక్క) భాగంలోనూ రక్తప్రసరణ తగ్గిందని రిపోర్టులో ఉంది. అప్పటినుంచి మా ఇంట్లో అందరి నోటా అదే మాట. రక్తప్రసరణ పెంచే మాత్రలు వాడమని ఒకరు, అధిక పీడనంలో ఆక్సిజన్ ఇచ్చే చికిత్స చేయించమని మరొకరు చెబుతున్నారు. నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఇది: మతిమరుపుకు కారణం ఆ రక్తప్రసరణ తగ్గడమేనా? అది పెరిగితే జ్ఞాపకశక్తి తిరిగి వస్తుందా?

సమాధానం – రాత్రిడ్యూటీ

నేను న్యూరో ఐసీయూలో పనిచేసే వైద్యుణ్ణి. మీ అన్నయ్యగారి స్కాన్లు చూడలేదు కనుక ఆయన గురించి తీర్పు చెప్పలేను, కానీ మీ ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయని మాత్రం చెప్పగలను. గాయమైన మొదటి రోజుల్లో రక్తప్రసరణ అంటే ప్రాణాలకు సంబంధించిన మాట, ఏడో నెలలో స్కాన్ మీద కనిపించే రక్తప్రసరణ అంటే దాదాపు వేరే మాట.

మొదటిదాన్ని ముందు చెబుతాను. మెదడు బరువు శరీరం బరువులో రెండు శాతమే అయినా, గుండె పంపే రక్తంలో సుమారు 15 శాతం, శరీరం వాడే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం దానికే వెళుతుంది. దాచుకోవడానికి దానికి గోదాము లేదు. ఆరోగ్యవంతుడి మెదడులో ప్రతి 100 గ్రాములకు నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం ప్రవహిస్తుంది. అది 20 దగ్గరికి పడిపోతే నాడీకణాలు పని ఆపేస్తాయి, 10కి దిగితే చనిపోవడం మొదలవుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న కణాలు మూగబోయి ఉంటాయి గానీ బతికే ఉంటాయి, ఐసీయూలో మా పోరాటమంతా వాటి కోసమే.

పుర్రె గట్టి డబ్బా వంటిది. అందులో మెదడు, రక్తం, మెదడు చుట్టూ ఉండే వెన్నుద్రవం ఉంటాయి, ఒకటి ఉబ్బితే ఇంకొకటి తప్పుకోవాలి. ఈ సంగతిని స్కాట్లాండులో మన్రో 1783లో, కెల్లీ 1824లో చెప్పారు, ఇప్పటికీ మేం దాని మీదే లెక్కలు వేస్తున్నాం. మెదడుకు రక్తాన్ని తోసే బలం ఎంతో తెలియాలంటే సగటు రక్తపోటులోంచి పుర్రె లోపలి ఒత్తిడిని తీసివేయాలి. రక్తపోటు 85, లోపలి ఒత్తిడి 15 అయితే 70 మిగులుతుంది. వాపుతో లోపలి ఒత్తిడి 35కు చేరితే, రక్తపోటు అంతే ఉన్నా, మిగిలేది 50. ఆరోగ్యవంతుడి మెదడైతే రక్తనాళాలను సడలించుకుని ఈ తేడాను సర్దుకుంటుంది. దెబ్బతిన్న మెదడు తరచుగా ఆ నేర్పును పోగొట్టుకుంటుంది, అప్పుడు రక్తపోటు ఎటు ఊగితే ప్రవాహం కూడా అటే ఊగుతుంది. అందుకే లోపలి ఒత్తిడి 22 మిల్లీమీటర్లు (పాదరసం కొలతలో) దాటితే చికిత్స చేయాలని, తోసే బలాన్ని 60, 70 మధ్య నిలపాలని బ్రెయిన్ ట్రామా ఫౌండేషన్ 2016 మార్గదర్శకాలు చెబుతాయి. మీ అన్నయ్యగారికి ఎముక తీయడమంటే ఆ డబ్బాకు మూత తెరవడమే.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. గాయమైన మొదటి రోజు ప్రవాహం తగ్గుతుంది, తర్వాతి రెండు మూడు రోజుల్లో కొందరికి అవసరానికి మించి పెరుగుతుంది, నాలుగో రోజు నుంచి రెండు వారాల వరకు కొందరిలో రక్తనాళాలు బిగుసుకుని మళ్లీ తగ్గుతుంది. కాబట్టి తేదీ లేకుండా "రక్తప్రసరణ తక్కువ" అన్న మాటకు నా దృష్టిలో విలువ లేదు. వెంటిలేటర్ మీద ఉన్నవారికి శ్వాసను ఎక్కువగా నడిపిస్తే బొగ్గుపులుసు వాయువు తగ్గి, రక్తనాళాలు ముడుచుకుని, లోపలి ఒత్తిడి దిగుతుంది. ఒకప్పుడు ఇది అందరికీ అలవాటుగా చేసేవారు. ఒత్తిడి దిగుతోందంటే ప్రవాహం కూడా దిగుతోందని, దానివల్ల కొందరు ఆలస్యంగా కోలుకున్నారని 1991లో జరిగిన పరిశీలనలో బయటపడ్డాక ఆ అలవాటు పోయింది.

ఇక ఏడో నెల. మెదడులో ఏ భాగం ఎక్కువ పనిచేస్తుంటే ఆ భాగానికి రక్తం ఎక్కువ వెళుతుంది, పని తగ్గితే ప్రవాహమూ తగ్గుతుంది. తీవ్ర గాయంలో కణాల మధ్య తీగల వంటి పోగులు సాగి తెగిపోతాయి. ఆ పోగుల చివర ఉన్న ప్రాంతాలకు పని అందదు, అందుకే దెబ్బ తగలని చోట కూడా ప్రవాహం మందగిస్తుంది. దూరాన ఉన్న భాగం ఇలా మూగబోవడాన్ని 1914లోనే ఫాన్ మొనాకోవ్ అనే నాడీవైద్యుడు డయాస్కిసిస్ అన్నాడు. ఊళ్లో జనం తగ్గితే ఆ ఊరికి వచ్చే బస్సులు తగ్గుతాయి. బస్సులు తగ్గినందువల్లనే జనం పోయారని, నాలుగు ఖాళీ బస్సులు పంపితే ఊరు మళ్లీ నిండుతుందని అనుకోవడం ఎలాంటిదో, ఇప్పుడు మాత్రలతో రక్తప్రసరణ పెంచాలనుకోవడం చాలావరకు అలాంటిది.

స్పెక్ట్ స్కాన్ గురించి కూడా ఒక మాట తెలుసుకోండి. ఇంజెక్షన్‌గా ఇచ్చిన మందు రక్తంతో వెళ్లి ఒకటి రెండు నిమిషాల్లోనే మెదడులో చిక్కుకుపోతుంది. ఆ తర్వాత ఎంతసేపు బొమ్మ తీసినా కనిపించేది ఆ కాసేపటి ప్రవాహమే. ఆ సమయంలో రోగి మగతగా ఉన్నాడా, ఆందోళనగా ఉన్నాడా, ఏ మందుల మీద ఉన్నాడు అన్నవన్నీ బొమ్మ మీద పడతాయి. పైగా ఫ్రాంటల్, టెంపోరల్ భాగాలు పుర్రె అడుగున ఉన్న గరుకు ఎముకకు రాసుకునే చోట్లు, కాబట్టి తీవ్ర గాయాల్లో అవి దెబ్బతినడం సర్వసాధారణం. ఆ రిపోర్టు మీ అన్నయ్యగారి ఇబ్బందులు ఎందుకు వస్తున్నాయో కొంతవరకు చెబుతోంది, అవి ఎంతకాలం ఉంటాయో మాత్రం చెప్పడం లేదు.

మాత్రల విషయానికి వస్తే, ఇలాంటి రోగులకు చాలాచోట్ల రాసే సిటికోలిన్‌ను 1,213 మంది మీద 90 రోజులు వాడి చూసి, ఉత్తుత్తి మందు కంటే మేలు లేదని 2012లో తేల్చారు. రక్తనాళాలను వెడల్పు చేసే మందులతో ఆరోగ్యంగా ఉన్న నాళాలు కూడా తెరుచుకుంటాయి, రక్తపోటు పడిపోతుంది. తర్కానికి సరిపడిందల్లా రోగికి సరిపడదు. వాపు తగ్గించాలని దశాబ్దాలపాటు ఇచ్చిన స్టెరాయిడ్లను 2004లో 10,008 మంది మీద పరీక్షిస్తే, ఇచ్చినవారిలోనే మరణాలు ఎక్కువని బయటపడింది. ఆ ఫలితం వచ్చినప్పటినుంచి "వాడితే పోయేదేముంది" అనే మాట విన్నప్పుడల్లా నాకు భయం వేస్తుంది.

సమాధానం – పలకాబలపం

నేను న్యూరోసైకాలజిస్టును, గాయం తర్వాత జ్ఞాపకశక్తి, ఏకాగ్రతల మీద పనిచేస్తాను. పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తూ, మీ ప్రశ్నలో స్కాన్ రిపోర్టు కంటే విలువైన సమాచారం ఒకటి ఉందని చెప్పాలనుకుంటున్నాను. అది "ఏ పూటకు ఆ పూటే" అని మీరు రాసిన వాక్యం. గాయమైన క్షణం నుంచి, రోజువారీ సంగతులు వరుసగా గుర్తుండటం మొదలయ్యే వరకు గడిచిన కాలాన్ని, కోమాతో సహా, మేం లెక్కిస్తాం. మీ అన్నయ్యగారి విషయంలో అది సుమారు ఏడు వారాలు. నాలుగు వారాలు దాటితే అత్యంత తీవ్రమైన గాయంగా పరిగణిస్తాం కాబట్టి, కొన్ని ఇబ్బందులు మిగిలే అవకాశం ఉందని మీకు ముందే చెప్పడం న్యాయం.

అయితే ఏడో నెల అంటే దారి మూసుకుపోయినట్టు కాదు. కోలుకోవడం మొదటి ఆరు నెలల్లో వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది గానీ రెండేళ్ల వరకు, కొందరిలో ఆ పైన కూడా, సాగుతుంది. అమెరికాలో తీవ్ర గాయాలైనవారిని అనుసరించిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. కనీసం పగటిపూట ఇంట్లో ఒంటరిగా ఉండగలిగే స్థాయికి రెండు వారాలప్పుడు 12 శాతం మంది చేరితే, సంవత్సరానికి 52 శాతం మంది చేరారు. రెండు వారాల దగ్గర ఆశ వదులుకుని ఉంటే ఎంతమందిని వదులుకునేవారో ఆలోచించండి.

స్నానాల గది తలుపు దగ్గర జరిగేది పాత జ్ఞాపకాలు చెరిగిపోవడం కాదు. చేయాలనుకున్న పనిని, ఆ పని అయ్యేవరకు, మనసులో పట్టుకుని ఉండలేకపోవడం. దారిలో ఎవరో పిలిచి ఉంటారు, టీవీ శబ్దం వినిపించి ఉంటుంది, పట్టు జారిపోతుంది. పూనుకోకపోవడం కూడా గాయంలో భాగమే, ఫ్రాంటల్ భాగాలు దెబ్బతిన్నప్పుడు ఇష్టం ఉన్నా మొదటి అడుగు పడదు. మీ వదినగారికి ఈ ఒక్క ముక్క మాత్రం తప్పక వివరించండి, ఎందుకంటే కుటుంబాలు విడిపోవడం నేను చూసింది మతిమరుపు వల్ల కంటే దీనివల్లనే ఎక్కువ.

"గుర్తుందా? చెప్పు చూద్దాం" అని పరీక్షలు పెట్టడం ఈరోజే మానేయండి. తప్పు సమాధానం చెప్పినప్పుడు ఆ తప్పే మెదడులో నాటుకుంటుంది, అందుకే కొత్త విషయం నేర్పేటప్పుడు ఊహించనివ్వకుండా సరైన సమాధానాన్ని ముందుగానే అందించి పలికించడం మా పద్ధతి. నోట్‌బుక్ ఒక్కటే ఉండాలి, దాని చోటు కూడా ఒక్కటే ఉండాలి. నా దగ్గరికి వచ్చిన ఒకాయన డైరీలో ప్రతిదీ చక్కగా రాసేవారు, ఒక్కరోజూ తెరిచి చూసేవారు కాదు. ఫోన్‌లో రోజుకు నాలుగుసార్లు మోగే అలారం పెట్టి, దాని మీద "నోట్‌బుక్ తెరువు" అనే రెండు మాటలు మాత్రమే రాశాం. మూడు వారాల తర్వాత అలారం మోగకముందే చేయి నోట్‌బుక్ మీదికి వెళ్లేది. పేజర్ ద్వారా ఇలా గుర్తుచేస్తే రోజువారీ పనులు బాగా మెరుగుపడతాయని 2001లోనే ఇంగ్లండులో నిరూపించారు.

వీటికంటే ముందు, సరిచేయగలిగిన కారణాలు ఏవైనా ఉన్నాయేమో వైద్యుణ్ణి అడగండి. మగత తెచ్చే మందులు, పైకి కనబడని ఫిట్స్, నిద్రలేమి, దిగులు, పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని హార్మోన్లు తగ్గడం, మెదడులో నీరు చేరడం వంటివన్నీ జ్ఞాపకశక్తిని ఇంకా కుంగదీస్తాయి. ఫిట్స్ ఎన్నడూ రానివారికి ముందుజాగ్రత్తగా ఇచ్చే ఫెనిటాయిన్‌తో మొదటి వారం తర్వాత లాభం లేదని 1990లోనే తేలింది, అది నెలల తరబడి కొనసాగుతుంటే ఆలోచన మందగించడానికి అదీ ఒక కారణం కావచ్చు. మీరుగా మాత్రం ఏ మందూ ఆపకండి.

సమాధానం – మెల్లగానడక

తొమ్మిదేళ్ల క్రితం ఇదే స్థితిలో ఉన్నవాణ్ణి కాబట్టి రోగి వైపు నుంచి కొంచెం చెబుతాను. నా స్కాన్ రిపోర్టు కూడా ఇలాగే ఉండేది, ఆ వాక్యాన్ని నేను కంఠస్థం చేశాను. విచిత్రమేమిటంటే మిగతావన్నీ మరిచిపోయేవాణ్ణి గానీ అది మాత్రం గుర్తుండేది. ఆ తర్వాత ఎవరూ ఆ స్కాన్ మళ్లీ తీయలేదు, తీయవలసిన అవసరమూ రాలేదు. మొదట్లో ఒక పేజీ చదివితే పై పేరా కింద పేరాకు వచ్చేసరికి జారిపోయేది. కాగితం ముక్కతో మిగతా పేజీని కప్పి, ఒక్కొక్క పేరా చదివి, పక్కన ఒక్క మాట రాసుకోవడం నేర్పారు. ఇప్పటికీ అలాగే చదువుతాను, ఉద్యోగం చేస్తున్నాను.

మాకు అన్నింటికంటే పెద్ద కష్టం అలసట. అది నిద్ర వచ్చినట్టు ఉండదు, ఎవరో మెయిన్ స్విచ్ తీసేసినట్టు ఉంటుంది. మీ అన్నయ్యగారు ఇద్దరు మాట్లాడుతుంటే లేచి వెళ్లిపోవడం కోపం వల్ల కాకపోవచ్చు, ఆ స్విచ్ పడిపోకముందే తప్పించుకోవడం కావచ్చు. ఆయనను వెళ్లనివ్వండి.

వెన్నెలవాకిలి

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. బద్ధకం గురించి రాసిన పేరాను వదినకు చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రాత్రిడ్యూటీ గారిని ఇంకొకటి అడగాలి. తొలగించిన ఎముకను ఇంతవరకు తిరిగి పెట్టలేదు. పొద్దున లేచినప్పుడు ఆ చోట చర్మం సమానంగా ఉంటుంది, రోజంతా కూర్చుని తిరిగాక సాయంత్రానికి చిన్న గిన్నెలా లోపలికి గుంటపడుతుంది. ఆ సమయంలోనే తలనొప్పి వస్తుంది, మాట నెమ్మదిస్తుంది, మతిమరుపు కూడా ఎక్కువవుతుంది. గంటసేపు పడుకుంటే మళ్లీ తేరుకుంటాడు. దీనికీ రక్తప్రసరణకూ సంబంధం ఉందా?

సమాధానం – రాత్రిడ్యూటీ

ఇది మొదటి ప్రశ్నలోనే రాసి ఉంటే నా సమాధానం ఇక్కడినుంచే మొదలయ్యేది. నేను చెప్పిన బస్సుల పోలిక ఈ సందర్భానికి వర్తించదు. ఎముక లేని చోట బయటి గాలి ఒత్తిడి నేరుగా చర్మం మీద, దాని కింద ఉన్న మెదడు మీద పడుతుంది. నిలబడినప్పుడు వెన్నుద్రవం కిందికి దిగుతుంది కాబట్టి ఆ చోటు గుంటపడి, మెదడు అణిగి, అక్కడి రక్తప్రసరణ నిజంగానే తగ్గుతుంది. పడుకుంటే ద్రవం తిరిగి వచ్చి తేరుకుంటుంది. పుర్రె తెరిచిన రోగుల్లో ఈ లక్షణాలన్నీ కలిసి రావడాన్ని 1939లోనే వర్ణించారు. తలనొప్పి, ఏకాగ్రత తగ్గడం, మాట తడబడటం, కొందరిలో ఎదుటివైపు కాలుచేతుల బలహీనత ఇందులో భాగం. ఎముకను గానీ దాని స్థానంలో కృత్రిమ పలకను గానీ అమర్చాక ప్రవాహం పెరిగి, ఆలోచన, నడక మెరుగుపడిన రోగుల గురించి అనేక నివేదికలు ఉన్నాయి, నేనూ చూశాను. అందరిలో అలా జరగదు, ఎంత మెరుగవుతుందో ముందే చెప్పలేం, కానీ ఏడో నెలలో రక్తప్రసరణను సరిచేయడం అనే మాటకు అర్థం ఉన్న సందర్భాల్లో ఇది ముఖ్యమైనది.

ఈ వారంలోనే న్యూరోసర్జన్‌ను కలవండి. పొద్దున, సాయంత్రం ఒకే కోణంలో ఆ చోటు ఫోటోలు తీసి, సమయం రాసి తీసుకువెళ్లండి, మాటల్లో చెప్పేదానికంటే అది బాగా పనిచేస్తుంది. ముందు సీటీ స్కాన్ తీసి మెదడులో నీరు చేరిందేమో చూస్తారు, ఎందుకంటే నీరు తీసే షంట్ అవసరమైతే దాన్ని, ఎముక అమర్చడాన్ని ఏ వరుసలో చేయాలో ఆలోచించి నిర్ణయించాలి. ఇన్‌ఫెక్షన్, రక్తస్రావం, ఫిట్స్ వంటి ప్రమాదాలు ఈ ఆపరేషన్‌కూ ఉన్నాయి, వాటి గురించి అడగడానికి మొహమాటపడకండి. అంతవరకు బయట తిరిగేటప్పుడు తలకు రక్షణగా హెల్మెట్ ఉండాలి. మగత పెరిగినా, వాంతులైనా, కాలు గానీ చెయ్యి గానీ పట్టు తప్పినా సాయంత్రం దాకా ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి.

అధిక పీడన ఆక్సిజన్ గురించి మీరు అడిగినదానికి అప్పుడు జవాబివ్వలేదు. స్వల్ప గాయాల తర్వాత లక్షణాలు పోని అమెరికా సైనికులపై జరిగిన పరీక్షల్లో నిజమైన చికిత్స పొందినవారు, నామమాత్రపు చికిత్స పొందినవారు ఇద్దరూ మెరుగయ్యారు, వారి మధ్య తేడా రాలేదు. పైగా అది ఫిట్స్‌ను రెచ్చగొట్టవచ్చు. మీ డబ్బు, ఓపిక ఆపరేషన్‌కూ, పలకాబలపం గారు చెప్పిన శిక్షణకూ దాచుకోండి.

వెన్నెలవాకిలి

నిన్న సర్జన్‌ను కలిశాం. ఫోటోలు చూడగానే సీటీ స్కాన్ తీయించారు, నీరు చేరలేదని చెప్పారు. వచ్చే నెల రెండో వారంలో ఎముక అమరుస్తారు. పలకాబలపం గారూ, జ్ఞాపకశక్తి పరీక్షలు ఆపరేషన్‌కు ముందు చేయించాలా, తర్వాతా?

సమాధానం – పలకాబలపం

రెండుసార్లూ చేయించండి. మొదటిసారి ఆపరేషన్‌కు వారం పది రోజుల ముందు, ఉదయం పూట, చర్మం సమానంగా ఉండి ఆయన తేటగా ఉన్నప్పుడు చేయాలి. సాయంత్రం చేస్తే గుంట వల్ల వచ్చే మందకొడితనం కూడా లెక్కలోకి వస్తుంది. రెండోసారి ఆపరేషన్ అయిన మూడు నెలలకు, మళ్లీ ఉదయమే చేయాలి. ఒకే పదాల పట్టిక రెండుసార్లూ ఇస్తే అలవాటు వల్లనే మార్కులు పెరుగుతాయి కాబట్టి, రెండోసారి అదే పరీక్షకు ఉన్న వేరే రూపాన్ని వాడమని పరీక్ష చేసేవారికి ముందుగానే చెప్పండి. ఆ రెండు తేదీల్లో ఏ మందులు ఎంత మోతాదులో వాడుతున్నారో కూడా నోట్‌బుక్‌లో రాసి ఉంచండి.